మకాంలో ఆఖరి అల్లుడు

నమోదు 412. పగలు, మూడో రోజు

దొరసాని ఇవాళ కూడా బొద్దింకను ముట్టలేదు. తొర్ర మూతికి దట్టంగా గూడు అల్లేసుకుని లోపల కూర్చుంది. నీళ్ళు చల్లాను. వేడి ఇరవై ఆరు, తేమ సరిగానే ఉంది.

చిట్టాకు కావలసింది ఇంతే. కానీ పెంపకాల ఆఫీసరు సువార్తమ్మ పోయిన నెల నా పుటలు తిప్పి పంపింది. "మద్దిలేటమ్మగారూ, మీరు రాసేది మరీ మూడు ముక్కలు. పెంపకందారు మనసు కూడా తెలియాలని భూమి నుంచి ఉత్తరువు వచ్చింది" అంది. మనసు కావాలంట వీళ్ళకు! సరే, రాస్తాను, చదువుకోండి. పుటలు మీ చేతికిచ్చేది నెలాఖరునే కాబట్టి, నచ్చనివి చింపుకునే వీలు నాకెలాగూ ఉంది.

నా పేరు బత్తుల మద్దిలేటమ్మ. చంద్రుడి మీద తూర్పు మకాంలో గాలి గొట్టాల మిస్త్రీని. ఇక్కడ పద్నాలుగు రోజులు పగలు, పద్నాలుగు రోజులు చీకటి. వయసు యాభై తొమ్మిది. పెళ్ళీ పిల్లలూ నా వల్ల కాలేదు, ఆ కథ చిట్టాకు అక్కర్లేదు. దొరసాని నా సాలీడు. అరచేతి కన్నా పెద్దది, నెమలి మెడ రంగు. పదకొండేళ్ళుగా నా గదిలో ఉంటోంది.

ఇక్కడికి కుక్కను తెచ్చుకోనివ్వరు, పిల్లిని తెచ్చుకోనివ్వరు. మనం పీల్చే గాలిలో అవి వాటా అడుగుతాయి. సాలీడు అడగదు. వారానికో బొద్దింక, నాలుగు చుక్కల నీళ్ళు, అంతే దాని సంసారం. అమెరికా జాతి సాలీళ్ళయితే కోపమొస్తే పొట్ట మీది నూగు దులుపుతాయి. ఆ నూగు నా గాలి జల్లెడల్లో ఇరుక్కుంటే హాలు హాలంతా దగ్గి చస్తుంది. మన నల్లమల నీలి సాలీడుకు ఆ దుర్గుణం లేదు. అందుకే పాతికేళ్ళ కింద మకాం కమిటీవాళ్ళు దీన్నొక్కదాన్నే ఇళ్ళల్లో పెంచుకోనిచ్చారు. ఒకప్పుడు మకాంలో మూడు వందలకు పైగా ఉండేవి. ఇప్పుడు పదకొండు.

పెంపకందార్లం మగదాన్ని అల్లుడంటాం. ఆడది ఇల్లు కదలదు. మగదాన్నే డబ్బాలో పెట్టి ఆమె ఇంటికి తీసుకొస్తాం. అల్లుడి తరఫువాళ్ళకు మర్యాదలు, భోజనం. పిల్లలు పుడితే చెరిసగం. ఆమె అల్లుణ్ణి తినేస్తే, తింటుంది మరి, అదొక్కటే చిక్కు, మగపెళ్ళివారికి క్షమాపణ చెప్పుకుని ఇంకో భోజనం పెట్టాలి. దొరసాని తల్లి ఇద్దరు అల్లుళ్ళను మింగింది. రెండుసార్లూ వండి వార్చింది నేనే.

ఈసారి అల్లుడు నవాబు. మూడో హాలు కాశింపీరా అన్న ఇంటివాడు. ఆడవి ఇరవయ్యేళ్ళు కూడా బతుకుతాయి గాని, మగవాడు పెద్దవాడయ్యాక ఏడాది తిరగడమే గొప్ప. ఉన్న పదకొండింటిలో పది ఆడవి, మగది ఈ నవాబు ఒక్కడే. తొమ్మిదింటికి వాడు తమ్ముడి వరస. అలాంటివాళ్ళను కలిపిన ప్రతిసారీ వంకర కాళ్ళ పిల్లలు పుట్టి, పుట్టినట్టే పోయాయి. దొరసాని ఒక్కతే వేరే వంశం. కాబట్టి వీళ్ళిద్దరికీ పిల్లలు పుడితే మకాంలో సాలీళ్ళు ఉంటాయి, లేకపోతే లేవు. నెలన్నర కింద నవాబు వచ్చి, పని చూసుకుని, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ తర్వాతే దొరసాని తలుపు మూసుకుంది. గుడ్లు పెడుతుంది. నాకేం సందేహం లేదు.

నమోదు 413. పగలు, తొమ్మిదో రోజు

శ్రీమంతం చేశాను. నవ్వేవాళ్ళు నవ్వండి.

తొర్ర ముందు చలిమిడి పెట్టాను. ఆమె తినదు కనుక మేమే తిన్నాం. కాశింపీరా అన్న సొంతూరు గిద్దలూరు. పైరు హాలులో తెగుళ్ళు చూసే పని చేసి రిటైరయ్యాడు. డెబ్బై దాటినా మాటలో పదును తగ్గలేదు. గిన్నెడు సేమ్యా పాయసం పట్టుకుని వచ్చాడు.

"ఏమంటాండాది వదినా మా కోడలు?"

"ఏమంటాది, తలుపేసుకుని కూచునింది. మీ ఇంటి బిడ్డల్ని మోస్తాంది గదా, గర్వం!"

"ఈసారన్నా మావాణ్ణి మింగకుండా పంపించినారు. పెద్ద మనసు మీది."

"మా అమ్మాయికి ఆకలి లేదులేన్నా ఆ పొద్దు."

ఆయన పడీ పడీ నవ్వాడు. తర్వాత ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని పాత రోజుల్లో పడ్డాం.

సరకు ఓడ దిగిందంటే భోజనాల హాల్లో జాతరే. ఒక్కో విడతకు నలభై డబ్బాలు. ప్రతి డబ్బాలో సాలీడుతో పాటు ఒక చెక్కపేడు, దాని మీద పచ్చటి నాచు ఉండేవి. మూత తీయగానే వాన పడిన అడవి వాసన వచ్చేది. సాలీడు కొననివాళ్ళు కూడా ఆ వాసన కోసం వరుసలో నిలబడేవాళ్ళు. నేనూ నిలబడ్డాను, మూడుసార్లు తిరిగి తిరిగి. మూడోసారి గుమాస్తా చూసి, "ఏమ్మా, కొంటావా, వాసన చూసే పోతావా?" అని కసిరాడు. ఆ రోసంతో కొన్నది దొరసాని అమ్మమ్మనే.

పంతొమ్మిదేళ్ళ కింద అడవిలో పట్టడం నేరమన్నారు. రెండేళ్ళకు, ప్రాణమున్న దేన్నీ భూమి దాటించకూడదన్నారు. మేము పట్టించుకోలేదు. ఉన్నవి ఉన్నాయిగా, పిల్లలు పెడతాయిగా అనుకున్నాం. పెట్టాయి కూడా. కానీ అందరం అవే నాలుగు తల్లుల సంతానాన్ని ఇచ్చిపుచ్చుకున్నాం. కొన్నాళ్ళకు పుట్టేవి తగ్గాయి, అడిగేవాళ్ళు పెరిగారు. రెండో హాలులో ఒక జంట పెళ్ళిరోజున సాలీడు కోసం పేరు రాయించుకుంటే, వాళ్ళ బిడ్డ బడికి పోతున్నా వంతు రాలేదు. ఇప్పుడు ఎవరింటికెళ్ళినా, పాత సాలీడు విడిచిన చర్మాన్ని కొమ్మకు అతికించి అద్దాల పెట్టెలో పెట్టుకుంటున్నారు. దుమ్ము దులుపుతూ దానితో మాట్లాడుతున్నారు. నాకు చూడబుద్ధి కాదు. బొద్దింకలకు మాత్రం ఏ నిషేధమూ అడ్డం రాలేదు, ఎవరూ తేకుండానే వచ్చాయి.

మా కిటికీలో భూమి ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. మన దేశం ఇటు తిరిగినప్పుడు నల్లమల ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలను. మూడు రోజుల ప్రయాణం. అయినా ఒక్క సాలీడు రాదు.

నమోదు 414. చీకటి, రెండో రోజు

నా కొంప మునిగింది.

పొద్దున్నే నీళ్ళు పట్టడానికి పోతే తొర్ర బయట పాత చర్మం పడి ఉంది. లోపల దొరసాని కొత్త ఒంటితో, మెత్తగా, మెరుస్తూ కూర్చుంది. ఆమె మోసింది పిల్లల్ని కాదు, కొత్త చర్మాన్ని. ఈ జాతి ఆడది చర్మం విడిచిందంటే, లోపల దాచుకున్న అల్లుడి సొత్తు కూడా దానితోనే పోతుంది. నెలన్నర కిందటి పెళ్ళి ఉత్తదైపోయింది.

తప్పు నాదే. చర్మం విడిచే ముందు నీలం మాసి బూడిద రంగుకు తిరుగుతుంది, చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కానీ మూడు నెలల కింద మా హాలులో పసుపు దీపాలు తీసేసి పైర్లకు వాడే నీలి దీపాలు పెట్టారు. వాటి వెలుగులో అన్నీ నీలమే. నా తెల్ల మేజోళ్ళు కూడా నీలంగానే కనిపిస్తున్నాయి, అప్పుడైనా బుద్ధి రావద్దూ! మిస్త్రీ పనికి వాడే పసుపు టార్చి నడుముకే వేలాడుతోంది. ఒక్కసారి వేసి చూసి ఉంటే తెలిసిపోయేది. గుడ్లు పెట్టబోతోందన్న సంబరంలో కళ్ళు మూసుకుపోయాయి. చలిమిడి కూడా పంచాను, సిగ్గులేనిదాన్ని.

నమోదు 415. చీకటి, నాలుగో రోజు

కాశింపీరా అన్నకు చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

"నవాబు వెనక కాలు ఈడుస్తాండాడు వదినా" అన్నాడు. "ఇంగ ఎన్నాళ్ళుంటాడో."

దొరసాని కొత్త చర్మం గట్టిపడి, కడుపు నిండా తినడానికి మూడు వారాలు పడుతుంది. ఈ పద్నాలుగు రోజుల చీకట్లో మా హాళ్ళ మధ్య నడవా మంచుగడ్డలా ఉంటుంది. రెండేళ్ళ కింద ఇలాగే ఒక అల్లుణ్ణి తెస్తుంటే నా చేతి సంచిలోనే ప్రాణం పోయింది. వాడు కుర్రవాడు. ఈ ముసలి నవాబు సగం దూరం కూడా ఆగడు.

"అట్లయితే కోడల్నే మా ఇంటికి పంపీ" అన్నాడాయన.

"మా ఇంటి పిల్ల గడప దాటదన్నా. నీకు తెలీదా?"

ఆయనకు తెలుసు. ఆడది చోటు మారితే నెలల తరబడి గూడు కట్టకుండా మొండికేసినా వేస్తుంది. పైగా ఆడదాన్ని ఇల్లు మార్చాలంటే కాగితాల మీద సొంతదారు మారాలి. ఇవన్నీ ఆయనకు వరసగా అప్పజెప్పాను. మనసు రాయమన్నారు కాబట్టి అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆమె లేని గది ఎలా ఉంటుందో తెలుసుకోవడం నాకిష్టం లేదు.

ఎండ వచ్చేదాకా ఆగుదామనుకున్నాం. నడవా వెచ్చబడ్డాక మెల్లగా తేవచ్చు, అప్పటిదాకా వాడు బతికుంటే.

నమోదు 416. పగలు, మొదటి రోజు

ఎండ వచ్చింది. నవాబు నిన్న గోడ మీది నుంచి జారి పడ్డాడంట. ఇక ఎక్కడం లేదు, డబ్బా అడుగునే కూర్చుంటున్నాడు. నడవా వెచ్చబడినా సంచి కుదుపుకే చస్తాడని కాశింపీరా అన్న అన్నాడు.

సరకు రేవులో గొట్టం బిగిస్తుంటే వీరాంజి వచ్చి పక్కన కూర్చున్నాడు. సరకు ఓడలో మూటలు దించే మనిషి, ధర్మవరం వైపువాడు. నలభై ఏళ్ళుంటాయి. మాటలు తేనెలో ముంచి తీస్తాడు.

"అక్కా, నీ బాధ విన్నా. ఒక మగదాన్ని నేను తెస్తా."

"యాడ నుంచి తెస్తావు? నీ తలకాయలో నుంచా?"

"నల్లమల నుంచి. టీ ఫ్లాస్కు లోపల ఇంగొక గొట్టం పెట్టినా. ఎవురూ చూడరు. నాకు డబ్బు గూడా వద్దక్కా. చెట్టు యాడుందో చెప్తే చాలు."

నాకు చెట్టు తెలుసని వీడికెలా తెలుసు? నా నోరే. ఏళ్ళ కింద భోజనాల హాల్లో, "నాకు తెలిసినన్ని తొర్రలు ఫారెస్టువాళ్ళకు కూడా తెలియవు" అని కోతలు కోశాను. గొప్పలు చెప్పుకోవడం నాకున్న రోగం.

"ఓడ ఎల్లుండి పోతాది. మళ్ళ పదైదు దినాలకు వస్తా. ఆలోచించుకోక్కా" అని లేచి పోయాడు.

నమోదు 417. పగలు, రెండో రోజు

ఈ పుట చింపేస్తాను. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

మాది గుండ్లపెంట, అడవి అంచు ఊరు. ఊరు దాటితే ఎడమ చేతికి ఇసుక వాగు. వాగు వెంట ఎగువకు పోతే ఏనుగంత బండ వస్తుంది. దాని మీద మేము మధ్యాహ్నం జొన్నరొట్టె తినేవాళ్ళం. బండ దగ్గర కుడికి తిరిగి రెండు కొండల నడుమ సందులో పడితే నల్లమద్ది చెట్లు మొదలవుతాయి. మొసలి వీపులా పగుళ్ళు తేలిన బెరడు. వాన వెలిశాక ఆ బెరడు మీద చేయి పెడితే వెచ్చగా ఉండేది, ఇప్పటికీ నా చేతికి గుర్తుంది. ఇరవై ఏడేళ్ళయింది నేను వాన చూసి. ఇక్కడ నీళ్ళు గొట్టంలోనే పుట్టి గొట్టంలోనే పోతాయి. రాస్తుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను. మళ్ళీ రాస్తున్నాను.

నేను ఆ అడవికి పోయింది పూలు కోయడానికి కాదు. మా పెదనాయన సుంకన్న సాలీళ్ళు పట్టేవాడు. ఊళ్ళోకి జీపులో ఒకతను వచ్చి పెద్దవి ఎన్ని తెచ్చినా కొనేవాడు. మామిడిపండ్ల పెట్టెల్లో అడుగున పెట్టి సముద్రాలు దాటించేవాళ్ళని తర్వాత తెలిసింది. నాకు పన్నెండేళ్ళు. నా చేయి సన్నం, భయం లేదు. తొర్రలో పుల్ల ఆడించి బయటికి రప్పించేదాన్ని. రాకపోతే పెదనాయన గొడ్డలి తీసుకుని తొర్రను నిలువునా చీల్చేవాడు. కాఫీ పొడి డబ్బాలో తడిగుడ్డ వేసి మూత పెట్టేదాన్ని. ఒక్క వానకారులో తొంభై డబ్బాలు నింపాను. "నా బంగారు చేయి" అని పెదనాయన ఊరంతా చెప్పుకున్నాడు. నేను పొంగిపోయాను.

ఒక చెట్టు చీల్చినప్పుడు లోపల తల్లి, దాని వెనక గోరంతేసి పిల్లలు అరవై డెబ్బై దాకా ఉన్నాయి. జీపతనికి పిల్లలు అక్కర్లేదు. తల్లిని డబ్బాలో వేశాం. పిల్లలు చీలిన చెక్క మీద, మా కాళ్ళ మీద, అటూ ఇటూ పాకుతూ ఉండిపోయాయి. వాన మొదలైంది. నేను వెనక్కి తిరిగి చూస్తే పెదనాయన, "చీమలు చూసుకుంటాయిలే పా" అన్నాడు. మేం ఇంటికొచ్చి వేడి వేడి సంగటి తిన్నాం.

అక్కడి నుంచి ఇంకా లోపల, చిన్న జలపాతం దాటాక, మూడు కొమ్మలుగా చీలిన నల్లమద్ది ఒకటుంది. దానికి ఏడు తొర్రలు. ఒక సాయంత్రం ఒంటరిగా పోయి చూశాను. ఏడు తొర్రల అంచులకూ నీలి కాళ్ళు. ఆ చెట్టు సంగతి పెదనాయనకు కూడా చెప్పలేదు. మంచితనం వల్లనేం కాదు, నా ఒక్కదానిదే అనిపించి దాచుకున్నాను.

వీరాంజికి ఒక్క మగది చాలంట. తొర్రలో ఉన్నది మగదో ఆడదో బయటి నుంచి చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. ఆఖరి చర్మం విడిచేదాకా మగది ఆడదాని లాగే ఉంటుంది. ఒక్క మగది కావాలంటే ఏడు తొర్రలూ చీల్చాలి. అందులో దొరక్కపోతే పక్క చెట్టు, దాని పక్క చెట్టు. నేను తొంభై డబ్బాలు నింపితే పెద్ద మగవి మూడే మూడు. ఇది వీరాంజికి తెలియదు, నాకు తెలుసు.

నమోదు 418. పగలు, నాలుగో రోజు

దొరసాని ఒక బొద్దింకను తింది. వేడి ఇరవై ఆరు. ఇంకేమీ రాయాలని లేదు.

నమోదు 419. పగలు, ఐదో రోజు

మొన్న ఓడ పోలేదు, ఏదో మరమ్మతంట. రేపు పోతుంది. వీరాంజి గది దాకా వచ్చాడు. అద్దంలోంచి దొరసానిని చూసి, "అబ్బ, ఏం రంగక్కా!" అన్నాడు. కొత్త చర్మం మీద ఆ నీలం నిజంగానే కళ్ళు చెదిరేలా ఉంది.

"చెప్పను వీరాంజీ" అన్నాను.

"ఎందుకక్కా? ఒక్కదానికి అడివేం గొడ్డుబోతాదా?"

"ఒక్కదానితో ఆగదురా. పట్టినదాన్ని నేను చెప్తాండా."

కాసేపు బతిమాలాడు. చివరికి వాడి మాటలో తేనె అయిపోయింది.

"నువ్వు చెప్పకుంటే నిలిచిపోతాదా? గుండ్లపెంటలో మీ పెదనాయన మనమడున్నాడు. మూడు కొమ్మల చెట్టంట, వాగు పైన యాడో ఉందంట. ఆడాడ తిరిగి చూపిస్తానన్నాడు. నువ్వు చెప్పింటే ఒక్క చెట్టుతో పోయేది. ఇప్పుడు కొండంతా వెతకాల్సొస్తాది. నీ ఇష్టం."

వాడు వెళ్ళిపోయాడు. నా చెట్టు అందరికీ తెలిసిన చెట్టేనా! నేను దాచుకున్నాననుకున్నాను, అంతే. నేను నోరు మూసుకున్నంత మాత్రాన అది బతకదు. అడవి కాపలావాళ్ళకు వీళ్ళకన్నా ముందే తెలియాలి. పేరులేని జాబులు రోజుకు వందొస్తాయి, ఎవరూ చూడరు. ఎలా తెలుసో, ఎవరు చెప్పారో సంతకం పెట్టి చెబితేనే మనుషులు కదులుతారు.

సంతకం పెడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. అడవిలో ఎప్పుడు పట్టినా సరే, పట్టానని ఒప్పుకున్నవాళ్ళకు జన్మలో పెంపకం హక్కు ఉండదు. సాలీడున్న గదిలో కాలు కూడా పెట్టకూడదు.

దొరసాని తొర్ర బయటికొచ్చి గాజు మీద ముందరి కాలు ఆనించింది. ఆమెకు నేనెవరో తెలియదు. తెలుసని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను.

నమోదు 420. పగలు, ఆరో రోజు

నెలాఖరు కాకుండానే చిట్టా తీసుకెళ్ళి సువార్తమ్మ బల్ల మీద పెట్టాను. ఒక్క పుట కూడా చింపలేదు. నిలబడే ఉన్నాను, ఆమె కూర్చుని చదివింది. నాలుగు వందల పదిహేడు దగ్గర ఆగిపోయింది.

"ఈ ఒక్కటీ తీసేయండి మద్దిలేటమ్మగారూ. నేను చూడలేదనుకుంటా."

"తీసేస్తే దారి ఎట్ల తెలుస్తాదమ్మా? దారి ఆ పుటలోనే ఉంది."

"దారి మాత్రం వేరే కాగితం మీద రాసివ్వండి. మీకెలా తెలుసో అడగను."

మంచి పిల్ల. ఆ మాటకు ఒక్క క్షణం ఆశపడ్డాను, దాచుకోను. మా పెదనాయన ఇంట్లో తిన్న సంగటి కూడా గుర్తుకొచ్చింది.

"పైవాళ్ళు అడుగుతారు గదమ్మా. అడిగి, జవాబొచ్చేలోగా వీడు ఓడ దిగతాడు. అట్లే పంపు" అన్నాను. ఆమె పంపింది.

నమోదు 421. పగలు, ఎనిమిదో రోజు

భూమి నుంచి జవాబొచ్చింది. సువార్తమ్మ చదివి వినిపించింది. "చెట్టు ఉంది. తొర్రల మూతికి గూళ్ళు ఉన్నాయి. తెరవలేదు. కాపలా పెట్టాం." వీరాంజిని ఓడ దిగగానే పట్టుకుంటారంట.

రెండో కాగితం నాది. హక్కు రద్దు. జంతువును హక్కున్న మరొకరి పేరుకు మార్చాలి, ఎవరికివ్వాలో నేనే చెప్పవచ్చు. చిట్టా మూయడానికి పది రోజులు గడువు.

మూడో హాలుకు పోయి, గడప ఇవతలే నిలబడి కాశింపీరా అన్నకు అంతా చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"చెట్టు తెలిసీ ఇన్నాళ్ళు నాతో అనలేదా వదినా? నవాబు చస్తాంటే, మకాంలో సాలీళ్ళే లేకుండా పోతాయని తెలిసీ, ఆ కుర్రోణ్ణి పోనిచ్చింటే ఏమయ్యేది?"

"నేను చీల్చిన చెట్ల లెక్క నీకు తెలిస్తే ఆ మాట అనవన్నా."

పిల్లలు కాళ్ళ మీద పాకిన సంగతి చెప్పాను. ఆయన నవాబు డబ్బా మూత సరిచేశాడు. "గిద్దలూరు స్టేషన్లో ఆ మామిడి పెట్టెలు నేను గూడా ఎక్కించినా, కూలికి" అన్నాడు మెల్లగా. "లోపల ఏముందో అడగలేదు."

"దొరసానిని నీ పేరుకు రాయించినా" అన్నాను. "తీసుకుంటావా?"

ఎండ ఉండగానే వెచ్చటి నడవాలో నేనే మోసుకెళ్ళాను. ఆయన గడప బయట ఆగాను, లోపలికి పోకూడదు కనుక. ఆడపిల్లను అప్పగించేటప్పుడు పాలలో చేయి ముంచి అత్తింటివారి చేతిలో పెడతారు. ఇక్కడ పాలెక్కడివి? చల్లే నీళ్ళలోనే చేయి తడుపుకుని ఆయన రెండు చేతుల్లో డబ్బా పెట్టాను.

"మా ఇంటి పిల్లన్నా. ఆకలైతే అడగదు, నువ్వే చూసుకోవాల. ఎడమ పక్క నుంచి నీళ్ళు పోస్తే కోపం. చర్మం విడిచే ముందు మనిషిని దగ్గరికి రానీదు. పదకొండేళ్ళు కళ్ళలో పెట్టుకుని పెంచినా. మొండిది. తప్పు చేస్తే..."

ఆయనే పూర్తి చేశాడు. "తప్పు చేస్తే మా బిడ్డ అనుకుంటాంలే వదినా" అన్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. తలుపు మూసుకుంది. నేను నడవాలో నిలబడి మనసారా ఏడ్చాను. అటుగా పోయేవాళ్ళు గొట్టం కారుతోందేమోనని ఆగి చూశారు.

నమోదు 422. చీకటి, మూడో రోజు

గడువు ఇవాళ్టితో ఆఖరు. దొరసాని మొదటి ఆరు రోజులు మూలన ముడుచుకుని కూర్చుందంట. ఏడో రోజు బెరడు వెనక గూడు అల్లిందంట. నవాబుకు తిండి మీద ఆశ లేదు, ఇక వాయిదా వేయలేమని కాశింపీరా అన్న పొద్దున తలుపు సందులోంచి చెప్పాడు. "ఈ పొద్దే కలుపుతా వదినా. డబ్బా గోడ ఎక్కే పని లేదు, పక్కనే దించుతా. నడిచిపోతాడో లేదో వాడి ఇష్టం."

నాకు మూడో హాలులోనే పనుంది. గాలి గొట్టం ఒకటి కాశింపీరా అన్న గది వెనక గోడ లోపల నుంచి పోతుంది. గోడకు ఇవతల, నడవాలో దాని కీలు. మా మిస్త్రీలు గొట్టంలో లోపం ఎక్కడుందో వినడానికి ఇనుప చువ్వ ఒక కొన గొట్టానికి, ఇంకో కొన చెవి వెనక ఎముకకు ఆనించి వింటారు. ఆ కీలు పరీక్ష వచ్చే వారానికి ఉంది. నేను ఇవాళే పెట్టుకున్నాను. రాసుకోండి సువార్తమ్మా, గదిలో కాలు పెట్టలేదు.

మొదట గాలి హోరు. దాని కింద ఎక్కడో పంపు. కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాను. మోకాళ్ళు నొప్పెట్టాయి. అప్పుడు వినిపించింది, చాలా సన్నగా. టకటకటక, ఆగి, మళ్ళీ టకటక. మగది ఆడదాని గూడు మీద కాళ్ళతో కొట్టి అనుమతి అడిగే చప్పుడు. ముసలివాడు, ఒక కాలు ఈడ్చేవాడు, అడుగుతున్నాడు. కొట్టి ఆగాడు. మళ్ళీ కొట్టాడు. చాలాసేపు జవాబు లేదు.

తర్వాత బరువుగా, నిదానంగా, మూడు దెబ్బలు వినిపించాయి. అవి నవాబువి కావు.

"వదినా, యాడున్నావు? మా కోడలు పిలిచింది! విన్నావా?" అని గోడ అవతల కాశింపీరా అన్న కేక. చప్పుడుకు బెదురుతారని నేను పలకలేదు. చువ్వ అలాగే పట్టుకుని కూర్చున్నాను.

పిల్లలు పుడతాయో లేదో ఈ చిట్టాలో ఉండదు. పుడితే ఆడపెళ్ళివారి సగం నాకు రాదు, అన్నీ కాశింపీరా అన్నవే. పేర్లు మాత్రం నన్నే పెట్టమన్నాడు. కీలు దగ్గర గాలి ఒత్తిడి సరిగానే ఉంది. చిట్టా మూస్తున్నాను.

బత్తుల మద్దిలేటమ్మ, గాలి గొట్టాల మిస్త్రీ.